కాలు ఆనని ఒత్తు

ఏప్రిల్ 28

ఇవాళ నాన్నని ఇంటికి తెచ్చేశాం. భీమవరం ఆసుపత్రిలో ఆరు రోజులు. ఆటోలోంచి దింపడానికి నలుగురు పట్టాల్సొచ్చింది. గుమ్మం దగ్గర అమ్మ దిష్టి తీస్తానని ఎర్రనీళ్ళు పట్టుకొచ్చి "ఒక్క నిమిషం నిలబడండి" అంది. ఆయన నిలబడగలిగితే ఈ గొడవంతా ఎందుకే అమ్మా? నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది.

కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట లేదు. "ఆ" అంటాడు, "దద్ద" అంటాడు, అంతే. నరసాపురం రేవులో బుల్లియ్య పెయింటర్ అంటే తెలీనివాళ్ళు లేరు. పడవ మీద పేరు రాయాలన్నా, కొట్టు మీద బోర్డు రాయాలన్నా ఆయన కుడిచెయ్యే. సరిగ్గా అదే పోయింది. ఆ దేవుడికి ఎడంచెయ్యి కనపళ్ళేదా?

బయల్దేరేముందు డాక్టరు గారు చాలాసేపు చెప్పారు. అన్నీ రాసుకోను, అవసరమైనవి రాసుకుంటా. మాత్రలు పొద్దున మూడు, రాత్రి రెండు. రోజూ కాలూ చెయ్యీ కదిలించాలి. మొదటి మూడు నెలలే ముఖ్యం. ఆ లోపల ఏదో ఒక దారిలో మాట కలపాలి, లేకపోతే మనిషి లోపల్లోపలికి ముడుచుకుపోతాడట. బొమ్మల కార్డులు చేసి చూపించమన్నారు. గ్లాసు బొమ్మ, మంచం బొమ్మ అలాంటివి. కావాల్సిన దాని మీద వేలు పెడతాడట.

బొమ్మలేంటి? ముప్ఫై ఐదేళ్ళు అక్షరాలు రాసి మా కడుపులు నింపిన మనిషికి ఎల్‌కేజీ పిల్లాడికి చూపించినట్టు గ్లాసు బొమ్మ చూపిస్తానా? మాటలతోనే చేస్తాను. నా పనే అది కదా. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఊరందరి పుట్టినరోజు ఫ్లెక్సీలకీ ఓణీల ఫంక్షన్లకీ అక్షరాలు పెట్టేదాన్ని, మా నాన్నకి నాలుగు మాటలు పెట్టలేనా?

ఏప్రిల్ 29

డిజైన్ సైటు తెరిచి తెల్ల పేజీ తీసుకున్నా. టెక్స్ట్ బాక్స్ పెట్టి "నీళ్ళు" అని కొట్టా. తర్వాత "అన్నం", "టీ", "బాత్రూం", "నొప్పి". ఐదు కార్డులు. మంచి లావు ఫాంటు, నల్ల అక్షరాలు, వెనకాల లేత పసుపు. అందంగా వచ్చాయి. ప్రింటు తీయించి లామినేషన్ కూడా చేయించా.

మంచం మీద వరసగా పేర్చాను. నాన్న చాలాసేపు చూశాడు. చూడ్డం మాత్రం బోర్డు రాసేముందు గోడని చూసినట్టే, ఒక కన్ను కొంచెం చిట్లించి. ఎడంచేత్తో "నీళ్ళు" కార్డు తీసుకుని, కింద "ళ్ళు" దగ్గర గోటితో గీకాడు. పరిగెత్తి నీళ్ళు తెచ్చా. తాగలేదు. మొహం తిప్పేశాడు. "అన్నం" తీసుకుని గీకాడు. అన్నం పెడితే నోరు తెరవలేదు. "బాత్రూం" గీకాడు, "నొప్పి" గీకాడు. ఎక్కడ నొప్పి నాన్నా అని ఒళ్ళంతా తడిమాను. "దద్ద" అని విసుక్కున్నాడు. "టీ" కార్డు ఒక్కటే గీకకుండా పక్కన పెట్టాడు. అంటే టీ వద్దన్నమాట.

మొదటి రోజే కదా. అలవాటవుతుంది.

ఏప్రిల్ 30

అలవాటవ్వలేదు.

మే 2

సైజు తక్కువేమో అనుకుని పెంచాను. కార్డుకి ఒక్క మాటే, అంచు నుంచి అంచు దాకా. గీకాడు. పసుపు మీద నలుపు కళ్ళకి కొడుతోందేమోనని తెలుపు మీద ముదురు నీలం చేశా. గీకాడు. అక్షరాల మధ్య దూరం పెంచా, తగ్గించా. అవుట్‌లైన్ పెట్టా, తీసేశా. సైట్లో తెలుగు ఫాంట్లు ఉన్నవే కొన్ని, వాటిల్లో సగానికి కిరీటం గుర్తుంటుంది, డబ్బు కడితే గానీ ఇవ్వరు. కట్టేశా. మా నాన్న కంటే ఎక్కువా?

అమ్మ గుమ్మంలో కూర్చుని లేసు అల్లుకుంటూ ఇదంతా చూస్తోంది. "ఏమే దుర్గా, ఆయనకి ఆకలేస్తే మొహంలో తెలిసిపోద్ది కదే. ఇన్ని అట్టలెందుకే?" అంది.

నీకు తెలుస్తుందమ్మా. నలభై ఏళ్ళ కాపురం. నాకేం తెలుస్తుంది? మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకుని ఎన్నేళ్ళయింది? నేను కంప్యూటర్ కోర్సులో చేరినప్పటి నుంచీ అంతే. ఆయన బ్రష్షు ఆయనది, నా మౌసు నాది.

మే 5

ఇవాళ దుప్పటి మీద ఎడంచేతి వేలితో ఏదో రాశాడు. చిన్న వంపు, కొక్కెంలాగా. మళ్ళీ అదే వంపు. మళ్ళీ అదే. పదిసార్లు రాశాడు. ఏంటి నాన్నా, ఏం కావాలి? కొడవలా? గాలమా? గాలం బొమ్మ గీసి చూపిస్తే నన్ను చూసి కళ్ళు మూసుకున్నాడు.

ఏదో అడుగుతున్నాడు. ఒకే ఒక్కటి అడుగుతున్నాడు. అది కూడా ఇవ్వలేకపోతున్నాను.

మే 6

రేవులో పడవున్న ప్రేమ్ కుమార్ బాబాయ్ వచ్చాడు, బత్తాయిలు పట్టుకుని. నాన్న దగ్గర కూర్చుని "లేవాలి అన్నయ్యా, వేట మొదలెట్టేలోపు లేచేయాలి" అన్నాడు. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. అమ్మ పిలిచింది. పాలు పొంగుతాయని చెప్పా. పొయ్యి మీద పాలు లేవు.

మే 7

కొత్త ఫాంటుతో పన్నెండు కార్డులు. గీకాడు.

మే 9

రాసేస్తాను. ఈ పుస్తకం ఎవరూ చూడరు. రొయ్యల మేత కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ, మా ఇంట్లో దీన్ని తెరిచేది నేనొక్కదాన్నే.

సముద్రంలో చేపల వేట నిషేధం రెండు నెలలూ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. వాటికి రంగులేసేదీ పేర్లు రాసేదీ అప్పుడే. నాన్నకి అది పండగ. ప్రేమ్ బాబాయ్ పడవ పేరు "వీరదుర్గ". నేను పుట్టకముందు నుంచీ ఆ పేరే. పాత చెక్క పడవ పోయి ఫైబర్ పడవొచ్చినా పేరు మారలేదు. ఏటా నాన్నే రాస్తాడు. చిన్నప్పుడు నన్ను భుజమ్మీద ఎక్కించుకుని తీసుకెళ్ళి "ఇదిగో, నీ పేరే రాశానే, ఈ పడవ నీదే" అనేవాడు. నిజమే అనుకునేదాన్ని. బళ్ళో అందరికీ నాకు పడవుందని చెప్పి తన్నులు తిన్నాను. ఆ రేవు ఇసకలోనే నా వేలు పట్టుకుని దుర్గ అని దిద్దించాడు. పలక కంటే ముందు నాకు ఇసకే.

ఈ ఏడు బాబాయ్ నాన్న దగ్గరికి కాకుండా నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా దుర్గా, ఈసారి స్టిక్కర్ వేయిద్దాం. పక్కూరి పడవలన్నీ మెరిసిపోతున్నాయి. కుర్రాళ్ళు ఒకటే గోల" అన్నాడు. వద్దనాలి కదా నేను. అన్లేదు. ఇంట్లో చెప్పనూ లేదు. పైగా సరదా పడ్డాను. వెనకాల నీలం అలలు పెట్టా. పసుపు అక్షరాలు, ఎర్ర అవుట్‌లైన్, నీడ, కొంచెం వంపు తిప్పి ఇంద్రధనుస్సులా. పాలకొల్లులో ప్రింటేయించి, ఏప్రిల్ ఇరవైన వాళ్ళే అంటించుకున్నారు. నాన్న అక్షరాల మీదే, రంగైనా వేయకుండా.

ఇరవై ఒకటో తారీఖు సాయంత్రం నాన్న రంగుల డబ్బా పట్టుకుని రేవుకెళ్ళాడు. అరగంటలో వచ్చేశాడు. పెరట్లో కూర్చుని బ్రష్షులు కిరసనాయిల్లో కడిగాడు. వాటికి రంగే అంటలేదు, అయినా కడిగాడు. అప్పుడు అన్నాడు, "బాగుందే. మెరుస్తోంది."

బ్రష్షు విదిలించి మళ్ళీ అన్నాడు.

"ఒత్తు మాత్రం గాల్లో వేలాడుతోంది. ఒత్తంటే పై అక్షరానికి కాలే. కాలు ఆనకపోతే అక్షరం నిలబడదు."

మామూలుగానే అన్నాడు. కోపంగా కూడా కాదు. నాకే రోషం పొడుచుకొచ్చింది. "నీ అక్షరాలు ఇప్పుడెవరికి కావాలి నాన్నా?" అన్నాను.

ఆయన బ్రష్షులు గుడ్డలో చుట్టుకుని లోపలికెళ్ళాడు. తెల్లారి కుళాయి దగ్గర పడిపోయాడు.

పడిపోకముందు నేను ఆయనతో అన్న ఆఖరి మాట అది. అదే ఆఖరిదైపోయింది. ఆయన తిరిగి ఓ మాట తిట్టేసినా బాగుండేది. ఇప్పుడు తిడదామన్నా ఆయనకి నోరేది?

మే 10

రెండు కార్డులు చేశాను. ఒకటి "కోపం ఉంది". రెండోది "కోపం లేదు".

గంట పట్టింది. కోపానికి ఎరుపు పెడితే నేనే చెప్పించినట్టవుతుంది. లేదు అన్నదానికి ఆకుపచ్చ పెడితే బతిమాలినట్టవుతుంది. రెండూ నలుపే పెట్టా. సైజు ఒకటే, ఫాంటు ఒకటే, ఒక్క చుక్క కూడా తేడా లేకుండా. ఓట్లేసే కాయితంలా.

అమ్మ బజారుకెళ్ళినప్పుడు ఆయన ముందు పెట్టి, "నాన్నా, ఆ రోజు అన్న మాటకి నా మీద కోపం ఉందా? ఏదైనా సరే, చూపించు. ఉన్నా పర్లేదు" అన్నాను. రెండూ తీసుకున్నాడు. రెండూ చూశాడు. గీకలేదు! ఇన్నాళ్ళలో మొదటిసారి. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి పక్కన పడేశాడు.

కోపం ఉందీ కాదు, లేదూ కాదు. అంటే ఏంటి? నేనసలు ఆ లెక్కలోనే లేననా?

మే 11

మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే.

మే 17

ఒకావిడ ఫోను చేసింది. వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి ఫ్లెక్సీ. "పేరు ఇంకా మెరవాలండి. చుట్టూ గులాబీలు రావాలండి" అని ఆరుసార్లు మార్పించింది. ఏడోసారి ల్యాప్‌టాప్ మూసేసి, ఇంకెవరి దగ్గరైనా చేయించుకోండి అన్నాను. "ఏంటండి అలా అంటారు?" అంది. ఆవిడ తప్పేముంది? అక్షరాన్ని చూస్తే ఒళ్ళు మండిపోతోంది నాకు.

నాన్న బాగానే ఉన్నాడు. నిన్నటి కంటే నయం. కాలు కొంచెం కదిలినట్టుంది.

మే 18

కదల్లేదు. నేనే అలా అనుకున్నాను.

మే 24

మాటలు నేర్పే ఆవిడ దగ్గరికి భీమవరం తీసుకెళ్ళాం. ఇంద్రజ గారు. చిన్నావిడే, నెమ్మదిగా మాట్లాడతారు. నేను నా కార్డులన్నీ సంచీలోంచి తీసి బల్ల మీద పరిచాను. నలభై రెండయ్యాయి. ఆవిడ మెచ్చుకుంటారని మనసులో ఉంది, దాచుకోవడమెందుకు.

ఆవిడ వాటి జోలికి పోలేదు. మూడు కాయితాల మీద మూడు పేర్లు రాసి "బుల్లియ్య గారూ, మీ పేరు ఏదండి?" అని అడిగారు. నాన్న మూడూ చూశాడు. ఆవిడ చేతిరాత గుండ్రంగా బాగుంది. ఒక కాయితాన్ని దగ్గరికి లాక్కుని ముచ్చటగా చూశాడు. అది ఆయన పేరు కాదు. మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే తీశాడు. పేపర్ తలకిందులుగా ఇచ్చారు. టక్కున తిప్పి సరిగ్గా పట్టుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. "చూశారా అండీ! చదువుతున్నాడు!"

"లేదండి. తిప్పి పట్టుకోవడం కళ్ళకున్న అలవాటు. చదువు పోయిందండి. అక్షరాలు ఆయనకి కనపడతాయి గానీ గీతల్లాగా, వంపుల్లాగా కనపడతాయి. మాటల్లాగా కాదు. మనకి చైనా వాళ్ళ రాత కనపడినట్టు" అన్నారు. తర్వాత నా కార్డుల వైపు చూసి, ఇంకా మెల్లిగా "డిశ్చార్జి రోజే చెప్పుంటారు కదండి? అందుకే బొమ్మల కార్డులు చేయమంటాం" అన్నారు.

అమ్మ నా వైపు చూసింది. నేను సంచీ సర్దుకుంటూ కూర్చున్నా.

మే 25

చెప్పారు.

డాక్టరు గారు చెప్పారు. "అమ్మా, చదవలేకపోవచ్చు. అక్షరాలు పెట్టకండి" అన్నారు. లిఫ్టు పక్కన నిలబడి చెప్పారు. నేను తలూపాను కూడా. ఇరవై ఎనిమిదో తారీఖు పేజీ తీసి చూసుకున్నా. "అన్నీ రాసుకోను, అవసరమైనవి రాసుకుంటా" అని రాసుంది. ఎంత తెలివో నాకు. వినపడనట్టు నటిస్తే నిజం ఊరుకుంటుందనుకున్నాను.

మూడు నెలల్లో ఒక నెల నా ఫాంట్లకే పోయింది. నెల్రోజులు మా నాన్న నోరు నేనే కట్టేశాను. పెయింటర్ కూతుర్ని కదా, బొమ్మలు నామోషీ.

మే 26

ఏం రాయను.

మే 27

బొమ్మల కార్డులు చేశాను. గ్లాసు, కంచం, టీ కప్పు, ఫ్యాను, బాత్రూం, అమ్మ ఫోటో, నా ఫోటో. ఒక్క అక్షరం పెట్టలేదు. అరగంటలో అయిపోయింది.

నాన్న టీ కప్పు మీద వేలు పెట్టాడు. పెట్టిన వేలు తీయలేదు. పరిగెత్తి పెట్టుకొచ్చా. గ్లాసు మొత్తం తాగేసి మళ్ళీ కప్పు మీద వేలు పెట్టాడు! అమ్మ పకపకా నవ్వేసింది. "నెల్రోజుల నుంచీ టీ మానిపించేశావు కదే మనిషికి! వద్దన్నాడని చెప్తివి!" అంది. ఆయన కూడా నవ్వాడు, ఎడం వైపు మూతితో. నేనూ నవ్వాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకున్నా.

సాయంత్రం కోపం మొహం, నవ్వు మొహం ఉన్న పసుపు బొమ్మలు రెండూ పెట్టి అడిగాను. ఆయన టీ కప్పు మీద వేలు పెట్టాడు.

జూన్ 8

కూర్చుంటున్నాడు. దిండ్లు పెడితే గంట సేపు. వేలు పెట్టి అన్నీ అడుగుతున్నాడు. ఎవరొచ్చినా అమ్మ ఆ కార్డులు చూపించి "మా దుర్గ చేసింది" అని చెప్తోంది. బాగానే ఉంది. అంతా బాగానే ఉంది. ఆ దుప్పటి మీద వంపు మాత్రం మానలేదు. పాత కార్డులు కనపడితే చాలు, తీసుకుని గీకుతాడు.

ఒక ఆలోచనొచ్చింది. అక్షరాలు ఆయనకి బొమ్మల్లా కనపడతాయి అన్నారు కదా ఇంద్రజ గారు. సరే. బొమ్మే అనుకుందాం. నా పేరు బొమ్మ ఆయనే గీశాడు కదా? ఏటా ఆ పడవ మీద, ఒకే తీరున, ఒకే వంపుతో గీశాడు కదా? కంపెనీ ఫాంటులో చూస్తే తెలీకపోవచ్చు. ఆయన చేతి అక్షరాల్లోనే చూపిస్తే, టీ కప్పుని పోల్చినట్టు నన్ను పోల్చడా?

ఇంద్రజ గారికి ఫోను చేశా. "ప్రయత్నించండి, తప్పులేదు. ఆశ మాత్రం ఎక్కువ పెట్టుకోకండి" అన్నారు. పెట్టుకున్నాను. ఏం చేస్తారు?

నా ఫోన్లో మూడు వేల ఫోటోలున్నాయి. నాన్న రాసిన అక్షరం ఒక్కటి లేదు.

జూన్ 11

రేవుకెళ్ళాను. రెండు నెలల తర్వాత అక్కడ అడుగు పెట్టడం. వలలు బాగుచేసుకుంటున్నారు, ఇంజన్లు తిప్పి చూసుకుంటున్నారు. మొన్న కొట్టిన వానకి నా స్టిక్కరు ఒక మూల లేచింది. మెరుస్తోంది మాత్రం.

"బాబాయ్, దీన్ని పీకాలి" అన్నాను.

ప్రేమ్ బాబాయ్ నా మొహం కేసి చూశాడు. "నాలుగు రోజుల్లో వేటమ్మా. పేరు లేకుండా పడవని ఎలా దింపుతాను? కుర్రాళ్ళు ఊరుకుంటారా?"

"ఇంకోటి చేసిస్తా. కింద నాన్న రాసింది నాకు కావాలి. ఒక్క ఫోటో."

ఆయన పడవ అంచుని చేత్తో తడిమాడు. తర్వాత "ఆ రోజు అన్నయ్య వచ్చి చూశాడు. నేను పడవలోనే ఉన్నాను. కనపడకుండా వంగి కూర్చున్నానమ్మా" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. ఇన్నాళ్ళూ తప్పు చేసింది నేనొక్కదాన్నే అనుకున్నాను.

కాగే నీళ్ళు పోస్తూ బ్లేడుతో మెల్లిగా లాగాం. "వీర" బాగానే వచ్చింది. కింద నాన్న తెల్ల అక్షరాలు, ఎండకి కొంచెం పగిలినా నిండుగా, పొట్ట దగ్గర లావుగా, చివర్న సన్నగా. "దు" వచ్చింది. "ర" దగ్గర స్టిక్కరు గట్టిగా పట్టేసింది. "ఆగు బాబాయ్, ఆగు" అంటూనే ఉన్నా. చర్రుమని ఊడొచ్చింది. ర మిగిలింది. దాని కింద గ ఒత్తు స్టిక్కరుతో పాటే లేచిపోయింది. ఆ జిగురు మీద పొట్టు పొట్టుగా అంటుకుంది. ఏరదామని చూశా, వేలికి పిండిలా వచ్చింది.

ఇసకలో కూలబడి ఏడ్చాను. వలల దగ్గర వాళ్ళంతా చూస్తున్నారు. చూడనీ.

జూన్ 13

ఫోటో సైట్లోకి ఎక్కించి, పడవ రంగంతా తీసేసి, అక్షరాలు మాత్రం ఉంచాను. దు, ర. ఆ ఒత్తు మాత్రం పెట్టాలి. టెక్స్ట్ బాక్సులో ర్గ కొట్టి, ర కత్తిరించేసి, ఒత్తు ఒక్కటే తీసి కింద చేర్చాను. ఉన్న ఫాంట్లన్నీ చూశాను. ఒకటి సన్నం, ఒకటి మొద్దు. వంచాను, సాగదీశాను, అంచులు కరకరలాడేలా చేశాను, తెలుపుని కొంచెం మాసిన తెలుపు చేశాను. రెండు రోజుల పని. ఆఖరికి కలిసిపోయింది. అమ్మకి చూపించి, ఇందులో ఒక ముక్క నాన్నది కాదు, చెప్పుకో అన్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూసి, "పోవే, అంతా ఆయన చెయ్యే" అంది.

పలకంత సైజులో ప్రింటు తీయించా.

జూన్ 14

ఈ రాత్రితో నిషేధం అయిపోతుంది. రేవు నుంచి పొద్దుటి నుంచీ ఇంజన్ల చప్పుడే. టీ తాగాక, నాన్నని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి కార్డు ఒళ్ళో పెట్టాను.

చూశాడు. ఎడంచెయ్యి మొత్తం కార్డు మీద వేసి రుద్దాడు, రంగు ఆరిందో లేదో చూసుకునేవాడు కదా, అలాగ. "ఆ" అన్నాడు. "ఆ, ఆ." నీళ్ళు కారిపోతున్నాయి కళ్ళమ్మట. పక్షవాతం వచ్చినవాళ్ళకి ఊరికే ఏడుపొస్తుందని చెప్పారు, అయినా సరే. దు మీద వేలు పోనిచ్చాడు, తలకట్టు నుంచి పక్కన కొమ్ము దాకా, ఎక్కడా ఆగకుండా. ర మీద పోనిచ్చాడు. తన అక్షరాలని తెలిసిపోయింది ఆయనకి! తెలిసిపోయింది!

"ఎవరి పేరు నాన్నా? ఎవరు?" అన్నాను.

అమ్మ వంగి, "మన దుర్గండి. దుర్గ అని రాసింది మీరే కదా" అంది.

నా మొహం చూశాడు. కార్డు చూశాడు. మళ్ళీ నా మొహం. నా ఫోటో కార్డు తెచ్చి పక్కన పెట్టాను. ఫోటో మీద వేలు పెట్టాడు, నా మీద పెట్టాడు, సరిగ్గానే. పేరు మీదకి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. రెంటికీ మధ్య గాల్లో అలాగే ఉండిపోయింది. అది నేనని ఆయనకి తెలీలేదు. ఎంతకీ తెలీలేదు. నేనే అడగడం మానేశాను.

అప్పుడు గీకాడు. ర కింద, ఒత్తు దగ్గర. అమ్మ పోల్చలేనిది, నాకే ఇంక తేడా కనపడనిది. గోటితో గరగరా గీకాడు. "దద్ద" అని విసుక్కున్నాడు.

నీళ్ళు, అన్నం, బాత్రూం, నొప్పి. గీకినవన్నీ ఒత్తులున్నవే. టీకి ఒత్తు లేదు. కోపం కార్డులకీ ఒత్తుల్లేవు, అందుకే పక్కన పెట్టేశాడు. అందులో నాకు చెప్పిన జవాబేమీ లేదు. నెలన్నర నుంచీ ఆయన నన్నేమీ అడగలేదు. నీళ్ళూ అడగలేదు, అన్నమూ అడగలేదు.

కోపం ఉందో లేదో ఇంక ఈ జన్మకి నాకు తెలీదు.

నేను అక్కడే కింద కూర్చుండిపోయాను. ఆయన కార్డు ఒళ్ళో సర్దుకుని, ఎడంచేత్తో నా చూపుడు వేలు పట్టుకున్నాడు. పట్టు గట్టిగానే ఉంది. నా వేలిని ర కిందకి తెచ్చి, ఆ కొక్కెం లాంటి వంపు తిప్పించాడు. దుప్పటి మీద రాసేదే. పైనుంచి మొదలెట్టి, చుట్టి, ర పొట్టకి ఆనించి ఆపాడు. మళ్ళీ మొదటి నుంచీ. పదకొండు సార్లు దిద్దించాడు, లెక్కపెట్టాను. పన్నెండోసారి నా వేలు వదిలేసి, ఒక కన్ను చిట్లించి చూశాడు.

నేనొక్కదాన్నే దిద్దాను.

"ఆ" అనలేదు. మళ్ళీ నా వేలు పట్టుకున్నాడు.